ముంజేతి మీద గులాబీ

ఆ మధ్యాహ్నం ఈశ్వరి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని అంగడి ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతోంది. అంగడేమో నాలుగడుగులు వేస్తే అయిపోయేంత. వచ్చినవాళ్ళు కూర్చునే పీట దారికి అడ్డంగా ఉంటే రెండుసార్లు తన్నుకుంది. నొప్పి కూడా తెలియలేదు.

సంగతేమిటంటే, కడపలో దర్గాకు పోయే వీధిలో గౌస్ పీర్ ఉస్తాద్ అత్తరు అంగడి ఉంది. ఆ అంగడి కోసం ఈశ్వరి ఇంటర్నెట్లో ఒక బ్లాగు నడుపుతోంది. ఎవరైనా ఫోన్లో 'కడప మంచి అత్తరు' అని వెతికితే, ఆ పొద్దుటి నుంచి అన్నిటికంటే పైన ఆ బ్లాగే వస్తోంది. పెద్ద పెద్ద పేర్లన్నీ దాని కింద. తన ఫోన్లో వెతికి చూసింది. వాళ్ళమ్మ ఫోన్లో చూసింది. ఎదురంగట్లో జిలేబీలు వేసే ఆయన ఫోన్ అడిగి తీసుకుని మరీ చూసి, దానికి పాకం అంటించి తిరిగిచ్చింది. అన్నిట్లోనూ అదే మాట.

ఇక ఉస్తాద్‌ను గద్దె అడగవచ్చు.

గద్దె అంటే సింహాసనమేమీ కాదు. సీసాల బీరువా ముందు పరిచిన పాత పరుపు, దాని మీద వెలిసిపోయిన ఆకుపచ్చ దుప్పటి. కానీ ఆ అంగడికి ఒక కట్టుబాటు ఉంది. గద్దె మీద కూర్చున్నవాళ్ళే వచ్చినవాళ్ళ చేతికి అత్తరు రాయాలి. మిగతావాళ్ళు సీసాలు కడగాలి, నింపాలి, మూతలు బిగించాలి. ఉస్తాద్ తన గురువు దగ్గర ఎంతకాలం సీసాలు కడిగాడో ఎప్పుడూ చెప్పలేదు. ఈశ్వరి మాత్రం రెండేళ్ళుగా కడుగుతోంది.

నిజానికి ఆమె చదివింది వేరే చదువు. చిన్న చిన్న అంగళ్ళను ఇంటర్నెట్లో నలుగురి కంటా పడేట్టు చేయడం ఎలాగో హైదరాబాదులో నేర్చుకుని వచ్చింది. అక్క పెళ్ళికి అత్తరు కొందామని ఈ అంగడి మెట్లెక్కింది. అక్కడ మట్టి అత్తరు వాసన చూసి, తొలకరి వాన సీసాలోకి ఎలా దిగిందో తెలుసుకోవాలని మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. ఇంట్లోవాళ్ళు తిట్టి తిట్టి అలసిపోయారు. ఉస్తాద్ రమ్మనలేదు, పొమ్మననూ లేదు. ఒకనాడు సీసాలు కడిగే బ్రష్ చేతికిచ్చాడు. తాను శిష్యురాలైనట్టు ఈశ్వరికి అట్లా తెలిసింది.

బ్లాగు ఆలోచన ఆమెదే. పైకెక్కే కిటుకు ఆమెకు బాగా తెలుసు. జనం ఏ మాటలతో వెతుకుతారో ఆ మాటల్ని రాతలో పట్టినన్ని చోట్ల కుక్కాలి. కుక్కింది. ఇదిగో, ఇట్లా:

'కడపలో మంచి అత్తరు కావాలా? కడపలో మంచి అత్తరు అంటే మా మంచి అత్తరే. మంచి అత్తరు కోసం కడపలో వెతికేవారికి కడపలోనే మంచి అత్తరు.'

గుక్క తిప్పుకోకుండా చదివితే నోరెండిపోతుంది గానీ అత్తరు మాత్రం గుర్తుకు రాదు. ఈశ్వరికి ఆ సంగతి తట్టలేదు. తట్టడానికి ఆమె దాన్ని ఎప్పుడూ చదవలేదు కదా, రాసిందంతే.

ఉస్తాద్ భోజనం చేసి వచ్చి గద్దె మీద కూర్చున్నాడో లేదో, ఆమె ఫోన్ తెచ్చి ఆయన కళ్ళ ముందు పెట్టింది.

"ఉస్తాద్, చూడండి. అందరికంటే పైన మనమే."

ఉస్తాద్ కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఆయన ముఖం నిజంగానే వెలిగింది. "శభాష్ బేటీ. బయట బోర్డు మీద రంగు పోయి మన పేరు నాకే కనపడదు. ఈడ ఎంత బాగా కనపడతాండాది."

"అందుకే మిమ్మల్ని ఒకటి అడగాలనుకుంటాండా."

"అడుగు."

"గద్దె."

ఉస్తాద్ సరే అనలేదు, కాదూ అనలేదు. ఫోన్ తిరిగి ఆమె చేతికిచ్చి, "చదివినోళ్ళు ఏమంటాండారు?" అని అడిగాడు.

ఈశ్వరి దాచుకున్న బాధ సరిగ్గా అక్కడే ఉంది.

"ఏమీ అనడం లేదు ఉస్తాద్. శానామంది వస్తాండారు. వచ్చినోళ్ళు వచ్చినట్టే పోతాండారు. ఊపిరి పీల్చినంతసేపు కూడా నిలవడం లేదు. అదంతా నాకు ఫోన్లో తెలుస్తాది. ఒక్కరన్నా ఫోన్ చేయలేదు, ఒక్కరన్నా అంగడికి రాలేదు. ఎందుకో అర్థం కావడం లేదు." అంతలోనే మళ్ళీ హుషారు తెచ్చుకుంది. "ఇంకా కొన్ని మాటలు కలపాలేమో. కలుపుతా ఉస్తాద్. రోజా అని, మల్లె అని, పెళ్ళి అని, పండగ అని, అన్నీ పెడతా. అప్పుడు యాడికి పోతారు?"

ఉస్తాద్ బీరువా వైపు తిరిగాడు.

"చేయి చాపు," అన్నాడు.

ఈశ్వరి ఫోన్ గద్దె అంచున పెట్టేసింది. ఇన్నాళ్ళలో ఆయన ఆమె చేతికి అత్తరు రాసింది లేదు. గద్దె ఇచ్చే ముందు గురువు తన చేత్తో శిష్యులకు అత్తరు రాస్తాడని ఎవరో చెప్పగా విని ఉంది. గబగబా చెయ్యి పైటకు తుడుచుకుని చాపింది.

ఉస్తాద్ గులాబీ సీసా తీశాడు. మూతకున్న గాజు పుల్లతో ఆమె ముంజేతి మీద ఒక చుక్క పెట్టాడు. వాసన లేచింది. అప్పుడే విచ్చిన గులాబీ, మంచు తడి కూడా ఆరనిది. ఈశ్వరికి ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

ఆయన మల్లె తీశాడు. గులాబీని ఆనించి పెట్టాడు. తర్వాత మొగలి తీశాడు. ఈశ్వరి కళ్ళు పెద్దవి చేసింది. ఒకరి చేతికి ఒకేసారి రెండిటికి మించి రాయకూడదన్నది ఆయన ఆమెకు చెప్పిన మొట్టమొదటి మాట. ఉస్తాద్ మరిచిపోయాడా? సంపెంగ వచ్చింది. గంధం వచ్చింది. కస్తూరి, హీనా వచ్చాయి. ఆయన తీరిగ్గా ఒక్కో మూత తీస్తున్నాడు, రాస్తున్నాడు, బిగిస్తున్నాడు. ముంజేతి మీద చోటు చాలక మోచేతి దాకా ఎక్కాడు.

"ఉస్తాద్, ఇన్నా?"

"అన్నీ మంచివే కదా," అన్నాడాయన. కింది అరలో మిగిలినవి కూడా కానిచ్చి, చేతులు తుడుచుకున్నాడు. "ఇప్పుడు గులాబీ యాడుందో వాసన చూసి చెప్పు."

ఈశ్వరి ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఎక్కడ చూసినా ఒకటే ఘాటు, ఉక్కపోతలో పెళ్ళివాళ్ళ బస్సెక్కినట్టు. ఇంకోసారి చూసింది. కణతలు పోటెత్తాయి. "ఈడ," అంది. "కాదు, ఈడ." రెండు చోట్లా కాదని ఆమెకే తెలుసు. కాసేపటికి ఏ వాసనా తెలియకుండా పోయింది. ముక్కు మొద్దుబారింది.

మసీదు నుంచి అజాన్ వినిపించింది. ఉస్తాద్ లేచి టోపీ సర్దుకున్నాడు.

"నమాజు చేసుకొని వస్తా. గద్దె మీద కూర్చో."

"ఇప్పుడా?"

"అడిగితివి కదా."

"ఉస్తాద్, నాకు ముక్కు పనిచేయడం లేదు."

"తెలుసు," అన్నాడాయన చెప్పులు వేసుకుంటూ. వీధిలోకి వెళ్ళిపోయాడు.

రెండేళ్ళుగా కలలో కూర్చున్న గద్దె మీద ఈశ్వరి బిక్కుబిక్కుమంటూ కూర్చుంది. ఆయన వచ్చేదాకా ఎవరూ రాకుండా ఉంటే చాలని ఉన్న దేవుళ్ళందరికీ మొక్కుకుంది. దేవుళ్ళు విన్నట్టు లేదు. ఖాకీ చొక్కా వేసుకుని భుజాన తువ్వాలు వేసుకున్న మనిషి గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఫోన్లో చూసినా మా. అత్తరంగడి ఇదే కదా?"

ఈశ్వరి భయమంతా ఎగిరిపోయింది. బ్లాగు చూసి వచ్చిన మొదటి మనిషి. "ఇదే అన్నా. రా, కూర్చో. మేం రాసింది చదివినావా?"

"మొదలుపెట్టినా." ఆయన పీట మీద సగమే కూర్చున్నాడు, వెంటనే లేచిపోయేవాడిలా. పేరు తిరుపాలట, లారీ డ్రైవరు. "కడపలో మంచిది, మంచిది అని ఉండాది. మంచిదే అయ్యుంటాది. నాకు గావాల్సింది ఉందో లేదో మాత్రం తెలీలే. సరే, లోడు దింపేదానికి ఇంకా టైముండాది గదా అని వచ్చినా."

"చూపిస్తా అన్నా," అంటూ ఆమె బీరువా వైపు చెయ్యి చాపింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఏది తీయాలి? మామూలుగానైతే ఈపాటికి నాలుగు మూతలు తీసి, నాలుగింటి గొప్పా చెప్పి ఉండేది. ఇప్పుడు ఏ సీసాలో ఏముందో పేరు చూసి తెలియాల్సిందే. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. అడగడం తప్ప ఇంక చేయగలిగిందేమీ లేదు.

"దేనికోసం వెతుకుతాండావన్నా?"

తిరుపాలు తువ్వాలు భుజం మార్చుకున్నాడు. "నవ్వగాకు మా."

"నవ్వను."

"పగలంతా డీజిలు కంపులోనే ఉంటా. ఎంత రుద్ది నీళ్ళు పోసుకున్నా పోదు. ఇంటికి పోతే మా పాప దగ్గరికి రాదు. ఎత్తుకుంటే ముక్కు మూసుకుంటాది. ఏదన్నా సెంటు కొట్టుకుంటామంటే నాకు తలనొప్పి. తలనొప్పితో బండెట్ల తోలేది చెప్పు. తలనొప్పి రాకుండా, పాప ముక్కు మూసుకోకుండా, అట్లాంటిది ఏమన్నా ఉంటాదా?"

ఈశ్వరి నవ్వలేదు. ఆమె కణతలు ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. ఈ మనిషి ఏం చెబుతున్నాడో ఆమెకు అర్థమైనంతగా ఆ వీధిలో ఇంకెవరికీ అర్థమై ఉండదు.

"ఫోన్లో ఏమని వెతికినావన్నా?"

"నాకు రాసేది రాదు, నోటితో అడిగినా. తలనొప్పి రాని అత్తరు అని. తలనొప్పి మాత్తర్లు చూపిచ్చె. మళ్ళీ అడిగినా, మళ్ళీ మాత్తర్లే. విసుగొచ్చి కడప అత్తరు అన్నా. అప్పుడు మీది వచ్చె."

ఆయన అడిగినదానికి జవాబు ఎవరూ రాసి పెట్టలేదని ఈశ్వరికి తట్టింది. గద్దె మీద ముందుకు జరిగింది. బండి ఎండలో తోలుతాడా, చల్లపొద్దునా? పాపకు ఏ పూలిష్టం? ఇంతకు ముందు వాడిన సెంటు తీపిగా ఉండేదా, ఘాటుగానా? ఆమె అడుగుతోంది, తిరుపాలు చెబుతున్నాడు. చెప్పేకొద్దీ ఆయన పీట మీద సర్దుకుని పూర్తిగా కూర్చున్నాడు. ఆయన ఒక్కో మాట చెబుతుంటే బీరువాలో ఒక్కో సీసా దానంతటదే పక్కకు తప్పుకుంటున్నట్టుంది ఆమెకు. కస్తూరి కాదు. మల్లె కాదు. గులాబీ అసలే కాదు.

చివరికి ఒక్కటే మిగిలింది. వట్టివేళ్ళ అత్తరు సీసా తీసి, వాసన చూడకుండానే, ఆయన మణికట్టు మీద ఒకే ఒక్క చుక్క పెట్టింది.

"తొందరపడొద్దన్నా. ఆరనీ."

ఎదురంగట్లో జిలేబీ నూనెలో చుట్టలు చుట్టుకుంటోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి తిరుపాలు మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దించాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎండాకాలం తడికెల మీద నీళ్ళు చల్లితే ఉంటాది చూడు, అట్లుండాది," అన్నాడు మెల్లగా. "మీద పడ్డంలే మా. పక్కన కూర్చున్నట్టుండాది."

చిన్న సీసా జేబులో వేసుకుని మెట్లు దిగాడు. దిగినవాడు వెనక్కి తిరిగాడు. "నా మాదిరి శానామంది ఉండారు మా. ఇట్లాంటిది ఒకటి ఉంటాదని యాడన్నా రాసి పెట్టండి. మాకు తెలిసేట్టు."

ఆయన వీధి మలుపు తిరగకముందే ఈశ్వరి ఫోన్ చేతిలోకి తీసుకుంది. అన్నిటికంటే పైనున్న ఆ పేజీ తెరిచింది. మొదటిసారి దాన్ని లారీ దిగి వచ్చిన మనిషిలా చదివింది. మూడో వాక్యానికల్లా కణతల పోటు మళ్ళీ మొదలైంది.

ఇది తుడిచేస్తే పైచోటు పోతుంది. ఎన్నాళ్ళ కష్టం. పొద్దుటి నుంచి ఎన్ని ఫోన్లలో చూసుకుని మురిసిపోయింది. బొటనవేలు తెర మీద కాసేపు ఊగిసలాడింది. తర్వాత మొత్తం తుడిచేసింది.

తెల్లటి పేజీ మీద కొత్తగా రాసింది: 'పగలంతా డీజిలు వాసనలో ఉండేవాళ్ళకు తలనొప్పి రాని అత్తరు ఏది?' కింద తిరుపాలు అడిగినవన్నీ, పేరు చెప్పకుండా, ఆయన అడిగిన తీరులోనే రాసింది. ఒక్క చుక్క చాలని, ఆరేదాకా ఆగాలని రాసింది. ఒకటే అత్తరు పేరు పెట్టింది. మాటలు వేళ్ళకు అందడం లేదు, అంతలా దొర్లుకుంటూ వస్తున్నాయి. మంచి అన్న మాట ఒక్కసారి కూడా రాలేదని రాయడం అయ్యాక గానీ గమనించలేదు.

తలెత్తేసరికి ఉస్తాద్ గడప దగ్గర చెప్పులు విడుస్తున్నాడు. ఈశ్వరి దిగ్గున లేవబోయింది. ఆయన చేత్తోనే వద్దన్నాడు.

"ఉస్తాద్, పైనున్న పేజీ తుడిచేసినా," అంది ఊపిరి తీసుకోకుండా. "రేపటికి మనం కిందికి పోతాం. ఎంత కిందికో కూడా తెలీదు. ఒకాయన వచ్చినాడు ఉస్తాద్. ఆయనకు ఏం గావాలంటే..." మధ్యాహ్నం అంగడంతా తిరిగినప్పటికంటే ఇప్పుడే ఆమెకు హుషారు ఎక్కువగా ఉంది.

ఉస్తాద్ ఆమె చెప్పిందంతా విన్నాడు. విని, ఆమె తన్నుకున్న ఆ పీటను దగ్గరికి లాక్కున్నాడు. వచ్చినవాళ్ళు కూర్చునేట్టే దాని మీద కూర్చుని, గద్దె వైపు తిరిగి చేయి చాపాడు.

ఈశ్వరి బీరువా వైపు చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పండి ఉస్తాద్. దేనికోసం వచ్చినారు?"

ఉస్తాద్ చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడు తెరిచినావు బేటీ, అంగడి," అన్నాడు.