రూతమ్మ చొక్కా

దేవసహాయం అయ్యగారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పేవారు కాదు. అడిగినవాడిని ఎదురుగా కూర్చోబెట్టి, తాను చూసిందో విన్నదో ఒక సంగతి చెప్పేవారు. నచ్చితే తీసుకోవచ్చు, లేకపోతే లేచి వెళ్లవచ్చు. అలా లేచి వెళ్లినవాళ్లూ ఉన్నారు.

ఆయన దగ్గర బోధకుడిగా తర్ఫీదు పొందిన తిమోతికి మిరప తోటల పల్లెలో ఒక సంఘం అప్పగించారు. బయలుదేరే ముందు అతను వచ్చి అడిగాడు.

"అయ్యగారూ, ఆడది మగవాడి బట్ట వేసుకోకూడదు, మగవాడు ఆడదాని బట్ట కట్టకూడదు అని బైబిలులో ఆజ్ఞ ఉంది కదా. అక్కడ కూలికి పోయే ఆడవాళ్లు చీర మీద మగ చొక్కా తొడుక్కుని, అలాగే మందిరానికి వచ్చేస్తారట. వాళ్లను గుమ్మంలో ఆపాలా, వద్దా?"

అయ్యగారు ఉప్పెన నాటి సంగతి ఎత్తుకున్నారు.

సముద్రానికి దగ్గరగా ఒక లంక పల్లె. అక్కడి సంఘపెద్ద పరంజ్యోతి. నిష్ఠగల మనిషి. తాను పాటించని నియమం ఇంకొకరికి పెట్టేవాడు కాదు. ఆ పల్లె ఆడవాళ్లు మడ అడవిలో పీతలు పట్టేవాళ్లు. ముళ్లు గీరుకోకుండా, దోమలు కుట్టకుండా చీర మీద మొగుళ్ల పొడుగు చేతుల చొక్కాలు తొడుక్కునేవాళ్లు. పొద్దున్నే వేటకు పోయి, అటునుంచి అటే ప్రార్థనకు వచ్చేవాళ్లు. చొక్కాతో లోపలికి రాకూడదన్నాడు పరంజ్యోతి. ఆదివారం పూట మందిరం కంచె నిండా చొక్కాలు వేలాడుతుండేవి. రూతమ్మ ఒక్కతే విప్పేది కాదు. అది చనిపోయిన భర్త చొక్కా. దాని కింద ఆమెకు రవిక లేదు. ఆ మాట పెద్దాయనకు చెప్పలేక, బయట చూరు కింద కూర్చుని, లోపలివాళ్లతో పాటు పాటలు పాడి వెళ్లిపోయేది. ఆయన రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు.

ఉప్పెన వచ్చిన రోజు పల్లె అంతా మందిరానికి పరిగెత్తింది. ఎత్తు మీద ఉన్న గట్టి కట్టడం అదొక్కటే. మగవాళ్లు తమ పంచెలన్నీ ముడివేసి తాళ్లు చేసి, కొట్టుకుపోతున్నవాళ్లను లాగారు. చివరికి ఆ పంచెలూ నీళ్లపాలయ్యాయి. దిగువ వీధిలో మంచం పట్టినవాళ్లు మిగిలిపోయారని పరంజ్యోతి వెనక్కి వెళ్లాడు. ఒక ముసలమ్మను భుజాన వేసుకుని తెచ్చాడు. మళ్లీ వెళ్లాడు. ఆ వెళ్లడంలో నీళ్లు ఆయనను ఎత్తుకుపోయాయి.

తెల్లవారి నీళ్లు తగ్గుతుంటే మందిరం వెనక ముళ్ల కంపలో కనబడ్డాడు. ప్రాణం ఉంది, ఒంటి మీద నూలుపోగు లేదు. చేయి అందించబోయిన వాళ్లను దగ్గరికి రావద్దన్నాడు. మెట్ల మీద ఆడవాళ్లు, ఆడపిల్లలు. మొలలోతు నీళ్లలో కంప పట్టుకుని వణుకుతున్నాడే తప్ప కదలడు. మగవాళ్లకు గోచులు, ఆడవాళ్లకు కట్టుకున్న తడి చీరలే మిగిలాయి. ఇంకాసేపు అలాగే ఉంటే దక్కడని అందరికీ తెలుస్తూనే ఉంది.

రూతమ్మ గోడ చాటుకు వెళ్లి చీరను నడిమికి చింపింది. పైన మోకాళ్ల దాకా జారే చొక్కా ఉంది కనుక ఆమెకు సగం చాలింది. మిగతా సగం పట్టుకుని నీళ్లలోకి దిగి, మొహం పక్కకు తిప్పుకుని చేయి చాచింది.

"కట్టుకోండి పెద్దయ్యా. పూల చీరే, ఏమనుకోకండి."

పరంజ్యోతి ఆ గుడ్డ వంక కాసేపు చూశాడు. తర్వాత కట్టుకున్నాడు. ఆ ఎర్రపూల చీర ముక్కతోనే మెట్లెక్కాడు, ఎవరో కాచి ఇచ్చిన గంజి తాగాడు, పొద్దుగూకే దాకా దొరికిన శవాలన్నిటికీ సమాధి ప్రార్థన చేశాడు. తమవాళ్లను మట్టిలో పెడుతున్న ఆ జనంలో ఒక్కరూ ఆయన బట్ట వంక చూడలేదు. ఆయన గొంతూ తడబడలేదు.

పల్లె తేరుకున్నాక మళ్లీ ఆరాధన మొదలైంది. రూతమ్మ ఎప్పటిలాగే చూరు కింద చతికిలబడబోయింది. పరంజ్యోతి గుమ్మంలోకి వచ్చాడు.

"లోపలికి రా అమ్మా."

"చొక్కా ఉంది పెద్దయ్యా."

"కనబడుతూనే ఉంది," అన్నాడాయన. "రా."

అయ్యగారు అక్కడ ఆపారు. ఆ కథ తిమోతి మనసును తాకింది గానీ, అతని ప్రశ్న అతన్ని వదలలేదు.

"అది ఆపద కదా అయ్యగారూ. ఆపద లేని రోజున ఆజ్ఞ ఆజ్ఞే కదా?"

"ఆజ్ఞే. కాదనడానికి నేనెవరిని?" అన్నారు అయ్యగారు లేస్తూ. "ఆదాము అవ్వలకు బట్టలు కుట్టి తొడిగింది దేవుడే. తోలుతో కుట్టాడని ఉంది. అందులో మగవాడిది ఏది, ఆడదానిది ఏది అని ఎక్కడైనా రాసి ఉందేమో వెతుకు. కనబడితే వెళ్లి గుమ్మంలో నిలబడు."