హుసేనమ్మ నంబరు

గంధం పండుగ రోజు పొద్దున్నే ఓబులేసు ల్యాప్‌టాప్ మొండికేసింది. మెసేజీల యాప్ తెరవబోతే, "మీ నంబరుకు వచ్చిన కోడ్ కొట్టండి" అని ఒకటే పాట. కింద ఆరు ఖాళీ గళ్ళు.

ఓబులేసుకు నంబరెక్కడిది? అతని గొప్పంతా అదే కదా!

రాయచోటి అవతల గుట్ట కింద లాలప్ప తాత దగ్గరికి శిష్యుడిగా వచ్చి చేరినప్పుడు, కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగాన్నీ, చేతిలోని స్మార్ట్‌ఫోన్‌నీ ఒకే రోజు వదిలేశాడు. ఎనిమిది నెలలైంది. "ఈ కాలంలో ఫోన్ లేకుండా ఎట్లుంటారు సామీ!" అని వచ్చినవాళ్ళు ముక్కు మీద వేలేసుకుంటే, "ఏముందప్పా, వదిలేస్తే అదే పోతుంది" అని కళ్ళు సగం మూసేవాడు.

ఆ మాట చెవిన పడినప్పుడల్లా లాలప్ప తాత గడ్డం గోక్కునేవాడు, అంతే. ఒకప్పుడు ఊరూరా తిరిగి పరుపులకు దూది ఏకిన మనిషి ఆయన. తన గురువు సమాధి పక్కనే గుడిసె వేసుకుని ఉండిపోయాడు. ఉపదేశం చెప్పమని ఎవరైనా కాళ్ళ మీద పడితే, "అన్నం తిన్నావా నాయనా?" అంటాడు.

ఫోన్ లేదు, సరే. మరి గంధానికి రమ్మని నాలుగూళ్ళ భక్తులకు కబురు పంపాలి కదా? జనమంతా ఆ యాప్‌లోనే ఉన్నారాయె. ఓబులేసు తెలివైనవాడు. ల్యాప్‌టాప్‌లోనే ఒక ఫోన్ ఉన్నట్టు నమ్మించే సాఫ్ట్‌వేర్ ఒకటి ఎక్కించాడు. దానికి ఒక నంబరు కావాలంది. వంట చేసే హుసేనమ్మ దగ్గర బటన్ల ఫోన్ ఉంది. నెలన్నర కిందట ఆ నంబరు ఇచ్చాడు. కోడ్ ఆమె ఫోన్‌కు వచ్చింది, ఇతను చూసి ల్యాప్‌టాప్‌లో కొట్టాడు, పని అయిపోయింది.

"నా ఫోనుతో ఏం పని సామీ?" అని అడిగింది ఆమె అప్పుడు.

"తాత పనిలే" అన్నాడు.

హుసేనమ్మకు చదువు రాదు. తాత పని అన్నాక ఇంకేం అడుగుతుంది?

యాప్‌లో తన ముఖానికి బదులు గుట్ట మీది పచ్చజెండా బొమ్మ పెట్టుకున్నాడు. ఎవరు మెసేజీ పంపినా ఒకటే జవాబు, ముందే రాసిపెట్టుకున్నది: "అందింది. మౌనంలో ఉన్నాను." గొంతుతో పంపిన మెసేజీలైతే అసలు వినడు. "నా గదిలోకి గొంతుల్ని రానివ్వను" అని నలుగురిలో చెప్పుకునేవాడు కూడా. ఏం నియమమో, ఏం పాడో!

ఇప్పుడు మళ్ళీ కోడ్ అడుగుతోంది. మధ్యాహ్నానికి రెండు వందల మంది వస్తారు. షామియానా బండి ఎంతదాకా వచ్చిందో, ఏ ఊరివాళ్ళు ఎప్పుడు బయల్దేరారో, అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి. ఓబులేసు వంటింటికి పరుగెత్తాడు.

హుసేనమ్మ దాల్చా పప్పు ఉడుకుతున్న డేగిసా దగ్గర గరిటె తిప్పుతోంది. ఫోన్ ఆమె నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలో ఉంది. అడగగానే గబుక్కున తీసింది. తెర వైపు ఒకసారి చూసి, అప్పుడు అతని చేతికిచ్చింది.

"ఇందాక గుయ్యిమన్నెట్టుండె. నా బిడ్డేమో అనుకుంటి" అంది.

"కాదులే. అది నాకొచ్చిన కోడ్" అన్నాడు ఓబులేసు.

ఆరు అంకెలు కొట్టగానే మెసేజీలు జలజలా వచ్చి పడ్డాయి. కనపడకుండా పక్కకు నెట్టేసిన వాటిలో ఒక నంబరు ఉంది. ముందు 965. కువైట్ నంబరు. పేరు లేదు, బొమ్మ లేదు, నెలన్నరగా గొంతు మెసేజీలే. మొదట్లో కాల్స్ కూడా వచ్చేవి. ఎత్తకపోయేసరికి అవి ఆగిపోయాయి. కువైట్‌లో పనిచేసే భక్తురాలెవరో తాతకు కష్టాలు చెప్పుకుంటోంది అనుకున్నాడు.

ఆ రోజు కొత్తవి నాలుగున్నాయి. తెరిచాడు. వినలేదు. "అందింది. మౌనంలో ఉన్నాను" అని నొక్కి, మూసేశాడు. అప్పుడు పొద్దున పది గంటలు.

*

లాలప్ప తాత దగ్గర ఒక కట్టుబాటు ఉంది. వండినవాళ్ళు మొదటి ముద్ద తినాలి. వాళ్ళు మింగాకే పంక్తిలో కూర్చున్నవాళ్ళు ఆకు మీద చెయ్యి పెట్టాలి. కలెక్టరొచ్చినా అంతే, బిచ్చగాడొచ్చినా అంతే.

సమాధికి గంధం పూశారు. ఫాతిహా చదవడం అయింది. ఒంటిగంట దాటింది. రెండు వందల ఆకుల్లో కుష్కా అన్నం పొగలు కక్కుతోంది. హుసేనమ్మ వంటింటి ముందు పీట మీద కూర్చుని ముద్ద కలిపింది. నోటిదాకా ఎత్తింది. దించింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ దించింది.

"కానీ హుసేనమ్మా, పిల్లోళ్ళు ఏడుస్తాండారు!" అని పంక్తిలోంచి ఎవరో కేకేశారు.

"గొంతు దిగలేదప్పా" అంది ఆమె. అని, ముద్దను ఆకులో పెట్టేసి కొంగు నోట్లో కుక్కుకుంది.

తాత వచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఏమైందమ్మా?"

"నా బిడ్డ మాబున్ని నుంచి నెలన్నరగా ఫోను లేదు తాతా. నాలుగేండ్లాయ, కువైట్‌లో ఒక ఇంట్లో పనికుండాది. కడాకు చేసినప్పుడు నేనే నోరు జారితి. 'నీకు దుడ్లే కావాల్నా, అమ్మ వద్దా' అంటి. అంతే, మళ్ళీ చెయ్యలేదు. ఈ పొద్దుతో దాని అగ్రిమెంటు అయిపోతాది. ఇంటికొస్తాదో, ఇంకో రెండేండ్లకు సంతకం పెడ్తాదో తెలీదు. నా ఫోను నుంచి ఆ దేశానికి పోదంట. పొద్దున గుయ్యిమంటే అదేననుకుంటి, ఓబులేసు సామికంట. నేనేం చేసేది తాతా?"

కువైట్ అనగానే పంక్తి మధ్యలో ఉన్న ఓబులేసుకు ఆ నంబరు గుర్తొచ్చింది.

965.

లేచి చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ పక్క ఆకు దగ్గరున్న పెద్దమనిషి ఇందాకే తన భార్యకు ఓబులేసును చూపించి, "ఈ సామికి ఫోనే లేదు, తెలుసా?" అన్నాడు. ఆమె దండం కూడా పెట్టింది. వీళ్ళందరి ముందూ లేచి, నీ బిడ్డ నా ల్యాప్‌టాప్‌లో ఉంది అని ఎట్లా చెప్పేది? భోజనాలు అయిపోనీ, హుసేనమ్మను పక్కకు పిలిచి మెల్లగా చెబుదాం అనుకున్నాడు. స్తంభానికి తగిలించిన గడియారంలో ఒకటీ ఇరవై. ఓబులేసు తల వంచుకుని తన ఆకు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరూ ఆకు మీద చెయ్యి పెట్టలేదు. కుష్కా చల్లారిపోతోంది. పసిబిడ్డలు ఆకలికి గుక్కపెడుతున్నారు. అయినా నోరు పెగల్లేదు మహానుభావుడికి.

తాత హుసేనమ్మ చేతిలోని ఫోన్ తీసుకున్నాడు. ఇటూ అటూ తిప్పి చూశాడు. మోకాళ్ళ మీద చేతులానించి లేచి, పంక్తి వెంబడి మెల్లగా నడిచి వచ్చాడు. ఓబులేసు ఆకులోని అన్నాన్ని ఒక పక్కకు జరిపి, ఆ ఫోన్‌ను అక్కడ పెట్టాడు.

"ఇది ఆమెకు నెలన్నరగా మోగలేదంట నాయనా. పొద్దున నీకు మాత్రం మోగిందంట. చదువుకున్నోడివి, కొంచెం చూడు."

రెండు వందల మంది అతని వైపు తిరిగారు. ఓబులేసు చెవుల దాకా ఎర్రబడ్డాడు. లేచాడు. గదిలోకి పరుగెత్తి ల్యాప్‌టాప్ తెచ్చి హుసేనమ్మ ముందు పెట్టాడు. మొట్టమొదటి మెసేజీ నొక్కాడు.

"అమ్మా! నువ్వు కూడా దీంట్లోకి వచ్చినావా!" మాబున్ని గొంతు నవ్వుతోంది. "జెండా బొమ్మ పెట్టుకున్నావే! తాత జెండా కదూ? ఇంక నాకు బ్యాలెన్స్‌తో పని లేదు. మేడం ఇంట్లో వైఫై ఉండాది. రోజూ మాట్లాడుకోవచ్చు."

హుసేనమ్మ రెండు చేతులతో ఆ పెట్టెను పట్టుకుంది. "ఇది నా బిడ్డే. ఇందులోకి ఎట్లొచ్చింది సామీ?"

ఓబులేసు ఇంకొకటి నొక్కాడు.

"చూసినట్టు నీలం గీతలు పడ్తాండాయమ్మా. మాట్లాడవు. నీ ఫోనుకు చేద్దామంటే బ్యాలెన్స్ లేదు. ఎవరితోనో రాయించి, మౌనంలో ఉన్నానంటావు. నీకూ నాకూ మౌనమేందమ్మా?"

చివరిది ముందటి రాత్రి పంపింది. అందులో నవ్వు లేదు.

"రేపు పదకొండుకు మేడం కాగితం తెస్తాది. నువ్వు రమ్మని ఒక్క మాట చెప్పు. సంతకం పెట్టను. వచ్చేస్తా. మళ్ళీ మౌనమంటే, నీకు నేను అక్కర్లేదనుకుని పెట్టేస్తా."

దాని కిందే ఉంది, ఓబులేసు పది గంటలకు నొక్కిన జవాబు.

"ఆడ పదకొండంటే ఈడ ఎంత?" అడిగాడు తాత.

"ఒకటిన్నర తాతా."

గడియారంలో ఒకటీ ముప్పై ఎనిమిది.

ఓబులేసు కాల్ నొక్కాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ నొక్కాడు. ఎవరూ ఎత్తలేదు. మూడోసారి ఎవరో ఎత్తారు.

"మాబున్నీ! నేనేనే!" అని అరిచింది హుసేనమ్మ.

అవతల నుంచి, "అమ్మా? మౌనం అయిపోయిందా?"

"నాకేం మౌనమే! పుట్టినకాడి నుంచి ఈ నోరు ఎప్పుడన్నా మూసినానా? అది రాసింది నేను కాదే తల్లీ. నీ గొంతు ఇప్పుడే వింటాండా. వచ్చేయ్. సంతకం పెట్టొద్దు, వచ్చేయ్!"

అవతల ఏడుపు మొదలైంది. ఏడుపు మధ్యలో మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. "ఇప్పుడే పెడితినమ్మా. మేడం కాగితం ఎత్తుకుని పోయింది. పది నిమిషాలు కూడా కాలేదు."

ఆ పది నిమిషాలు ఎక్కడికి పోయాయో ఓబులేసుకు తెలుసు. ఆకు ముందు తల వంచుకుని కూర్చున్నది అతనే కదా.

హుసేనమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"సరేలే. ఏడవొద్దు. నాలుగేండ్లు ఉంటిమి, ఇంకో రెండు ఉండలేమా? తిన్నావా?"

"లేదు."

"పో, తిను. నేనూ తింటా. ఈడ రెండు వందల మంది నా నోటికల్లే చూస్తాండారు. పిల్లోళ్ళు పస్తుండారే."

ఆమె చల్లారిన ముద్దను ఎత్తి నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని మింగింది. పంక్తిలో రెండు వందల చేతులు ఆకుల మీద వాలాయి.

తర్వాత ఆమె లేచి, బకెట్టు పట్టుకుని దాల్చా వడ్డించుకుంటూ వచ్చింది. ఓబులేసు ఆకు దగ్గర ఆగింది.

"పోసేదా సామీ?"

అతను తల ఎత్తలేదు.

"ఏం సామీ, మళ్ళీ మౌనమా?"

నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఓబులేసు ఆకు ముందు నుంచి లేచాడు. పీట పక్కనున్న ల్యాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని, ఎవరి ముఖమూ చూడకుండా వెనకున్న బావి దగ్గరికి పోయాడు. గట్టు మీదికెక్కి రెండు చేతులతో పైకెత్తాడు.

అక్కడే చేతులు కడుక్కుంటున్న తాత చెంబు కింద పెట్టాడు.

"ఏం చేస్తాండావు నాయనా?"

"ఇదీ వదిలేస్తా తాతా!" అన్నాడు ఓబులేసు. "ఫోను వదిలినట్టే ఇదీ వదిలేస్తా. నాకేదీ వద్దు."

అప్పుడే, పైకెత్తిన చేతుల్లో ల్యాప్‌టాప్ మోగింది. 965. తిన్నాక మళ్ళీ చేసినట్టుంది పిల్ల.

తాత గడ్డం గోక్కున్నాడు.

"వదిలేదానికి అది నీదా నాయనా?"

ల్యాప్‌టాప్ మోగుతూనే ఉంది. ఓబులేసు గట్టు దిగి, దాన్ని గుండెకు హత్తుకుని, "హుసేనమ్మక్కా! నీకు ఫోనూ!" అని అరుచుకుంటూ పంక్తి మధ్యలోంచి పరుగెత్తాడు.