పైడిరాజు చేసిన నూరు దినముల గడప వ్రత కథ

మాండవ్య ముని ఒకనాడు దేవల మునిని చూడవచ్చి, "కలియుగమున కొందరికి ఎముకలలోని మజ్జ చెడి రక్తము పుట్టుట లేదు. వారు ఏ వ్రతము చేయవలెను?" అని అడిగెను. దేవలుడు ఇట్లు చెప్పెను: "ధన్వంతరిని తలచి నూరు దినముల గడప వ్రతము చేయవలెను. చేసినవాని కథ వినుము."

విజయనగరమున పైడిరాజు అను బస్సు కండక్టరు కలడు. అతని మజ్జ చెడెను. వారమునకు రెండుమార్లు రక్తము ఎక్కించిననే నిలువగలిగెను. కొత్త మజ్జ దొరకనిచో ఏడాది దాటడని వైద్యురాలు చెప్పెను. పరీక్షింపగా అక్క ఎర్నమ్మ మజ్జ సరిపోయెను.

"నా రగతం నీకెక్కినాక నా నోరు కూడా వచ్చేత్తాది, సూసుకో తమ్ముడా," అని ఎర్నమ్మ అనెను.

"ఈ ఇంటికి ఆ నోరొక్కటి సాలదేటి వదినా?" అని అతని భార్య మంగవేణి అనెను.

క్రిములకు తావుండరాదని మొదట పైడిరాజుకు పుచ్చిన పన్ను తీయించిరి. మందులతో పాత మజ్జను తుడిచివేసిరి. తరువాత అక్క మజ్జను సంచినుండి నరములోనికి ఎక్కించిరి. నోరు పూసి, ఆరు దినములు అతడు నీరు మ్రింగలేకపోయెను. పదునెనిమిదవ దినమున రక్తములో కొత్త కణములు కనబడెను.

ఇంటికి పంపుచు వైద్యురాలు నియమములు వ్రాసియిచ్చెను. మజ్జ ఎక్కించిన నాటినుండి నూరవ దినము వరకు గడప దాటి జనములోనికి పోరాదు. పువ్వులు గదిలోనికి రారాదు. పచ్చి తిండి తినరాదు. మాత్రల వేళ తప్పరాదు. జ్వరము వచ్చిన ఆ గంటనే ఆసుపత్రికి రావలెను. మంగవేణి ఆ కాగితమును గడప ప్రక్క గోడకు అంటించెను.

నలుబది మూడవ దినమున పైడిరాజు మేనత్త సింహాచలమ్మ గుడినుండి పంచామృతము తెచ్చెను. మంగవేణి కాగితము చూపెను. సింహాచలమ్మ దానిని రెండుమార్లు చదివెను.

"పచ్చి తిండి వద్దని ఉంది. పెసాదం వద్దని ఏదీ? పెసాదం తిండేటే?"

పైడిరాజు, "సెంచాడే కదేటి," అని పుచ్చుకొనెను.

మూడవనాడు చలిజ్వరము వచ్చెను. ప్రసాదము వలన జ్వరమనుటకు వెరచి, వారు ఒక పూట దాచిరి. ఆసుపత్రి చేరునప్పటికి రక్తపోటు పడిపోయెను. ఎనిమిది దినములు అతడు ఎవరినీ గుర్తుపట్టలేదు. తొమ్మిదవనాడు జ్వరము దిగెను.

"అమ్మోరికి కోపమొచ్చినాదేటమ్మా?" అని సింహాచలమ్మ వైద్యురాలిని అడిగెను.

"అమ్మవారికి కోపం లేదమ్మా. పచ్చి పాలల్లో క్రిములుంటాయి. వాటిని ఆపే బలం అతనికి ఇంకా రాలేదు."

సింహాచలమ్మ ఇంటికి వచ్చి, కాగితము అడుగున "పెసాదమైనా సరే" అని వ్రాసెను. ఆ దినము మొదలు గడపలో తానే కూర్చుండెను. ఎవరేమి తెచ్చినను, "ఇలా తెండి, ఆడి వంతు నాను తింతాను," అనెను. నూరవ దినమున పరీక్షింపగా పైడిరాజు రక్తమంతయు అక్క కణములే అయ్యెను. ఏడాదికి అతడు తిరిగి బస్సెక్కెను.

ఈ వ్రతమును మజ్జ పుచ్చుకొన్నవారు, ఇచ్చినవారు, వారికి వండిపెట్టువారు చేయవలెను. చేసినవారికి ఆకలి, నిద్ర, నడక తిరిగి వచ్చును. నియమములన్నియు పాటించియు కొందరు దక్కరు. వారి ఇంటివారు తమ వలన లోపము జరిగెనని దుఃఖింపరాదు, అది ఈ వ్రతమున చివరి నియమము.

కథ విన్నవారు అక్షతలు తమ తలలపై వేసికొనుడు. నూరు దినములు నిండనివారికి గడప ఇవతలనుండి నమస్కరించి వెళ్లుడు.