దొప్పెడు ఈకలు

ఊరికే వస్తుందంటే చాలు, ఉన్నదంతా ఊడ్చి ఇచ్చేవాళ్లు ఊరికి నలుగురుంటారు. అడవిలో అయితే లెక్కే లేదు. పెదవాగు ఇవతలి గట్టున, చింతతోపులో, అలాంటివాళ్లలో మొదటిది గవరమ్మ అనే ఉడుత. తెలివితక్కువది కాదు. తెలివి ఉందని తనకు తెలుసు, వచ్చిన చిక్కల్లా అదే.

ఆ తోపుకు ఏటేటా వానలు వెనకబట్టగానే గూడబాతులు వచ్చేవి. ముక్కు కింద సంచీ వేలాడే పెద్ద పెద్ద పక్షులు. ఎక్కడో దూరదేశం నుంచి వచ్చి, చింతకొమ్మల మీద గూళ్లు కట్టి, పిల్లల్ని చేసి, వాటికి రెక్కలు రాగానే ఎండలు ముదరకముందే వెళ్లిపోయేవి. కాన్పుకొచ్చిన ఆడపడుచులని అడవంతా వాటిని గౌరవంగా చూసేది. దగ్గరకెళ్లి పలకరించినవాళ్లు మాత్రం తక్కువ.

గవరమ్మ తన కూతురు పైడిని వాగు అవతల ఇప్పచెట్టు మీది ఉడుతకిచ్చి పెళ్లి చేసింది. రాకపోకలకు వాగు మీద అడ్డంగా పడి ఉన్న తాటిబోదె ఒక్కటే దారి. వరదకు అది కాస్తా కొట్టుకుపోయింది. వరద తీశాక కూడా వాగు ఉడుత ఈదగలిగేంత తగ్గలేదు. సరిగ్గా అప్పుడు కాకి కబురు తెచ్చింది.

"పైడికి కాన్పు దగ్గరపడింది గవరమ్మా. తొలి కాన్పు పుట్టింట్లో అవ్వాలి, నాను రాలేను గదా, అమ్మనే రమ్మను అంది. ఆ ఇప్పచెట్టు మొదట్లో జెర్రిపోతు పాము తిరుగుతున్నాది. పిల్లలు పుట్టాక మేతకెళ్తే గూటికి కాపలా ఎవరని ఒకటే ఏడుపు."

గవరమ్మకు ఇక కాలు నిలవలేదు. ఆ పూట తిండి ముట్టలేదు. ఎలా దాటడమా అని గట్టు పొడవునా తిరుగుతుంటే, పుట్ట పక్కన నక్క జోగులు పెట్టిన కొత్త దుకాణం కంటబడింది. వాడి ముందు మోదుగాకుల కట్ట, వెనక తెల్లటి ఈకల కుప్ప.

"రా పిన్నీ, పైడి సంగతి విన్నాను. నీకేటి బెంగ, నానున్నాను గదా," అన్నాడు జోగులు.

"నువ్వేటి చేస్తావు? నీకు రెక్కలున్నాయేటి?"

"నాకు లేవు, గూడబాతులకున్నాయి. వాళ్లతో మాటైపోయింది. ఇదిగో, దీన్ని కానుకాకు అంటారు. కొబ్బరిచిప్పెడు వేరుశనక్కాయలిచ్చి ఒక ఆకు కొనుక్కో. పెళ్లికో పేరంటానికో వెళ్లినప్పుడు ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టు. దాన్ని పట్టుకెళ్తే కోతి మంగయ్య తన అంగట్లో వాళ్లకు నచ్చిన సరుకిస్తాడు. ఆకుకొక ఈక నీకు ఊరికే. ఇదిగో, ఈ దొప్పెడు ఈకలు కూడబెట్టావా, గూడబాతు వీపెక్కి వాగు దాటెయ్యడమే."

"ఈక ఊరికేనా?"

"నీ దగ్గర తీసుకుంటానేటి పిన్నీ, అయినవాళ్లం."

గవరమ్మ బుర్ర చురుగ్గా పనిచేసింది. ఆకును ఎవరికో ఎందుకివ్వాలి? తనే మంగయ్య దగ్గరకు పట్టుకెళ్లి వేరుశనక్కాయలే తెచ్చుకుంటే? ఇచ్చిన కాయలు ఇంటికొస్తాయి, ఈక మిగులుతుంది. మళ్లీ అవే కాయలతో ఇంకో ఆకు, ఇంకో ఈక. ఈ ఎత్తు జోగులుకు తట్టలేదు కదా అని లోలోపల మురిసిపోయింది. నక్కకు తట్టని ఎత్తు ఉడుతకు తట్టిందంటే అక్కడే ఆగి అనుమానించాలి. ఆగితే కదా.

కాయల మూటతో పరుగెత్తుతున్న గవరమ్మను మేక నూకాలు చూసింది. వయసులో పెద్దది, ముక్కుసూటిగా మాట్లాడేది.

"ఒలే గవరమ్మా, వాగు దాటించేది గూడబాతు. నువ్వు బేరమాడేది నక్కతో. ఇదేటి యవ్వారమే? చెట్టెక్కి ఆవిణ్ణే అడగరాదా? అడగందే అమ్మైనా పెట్టదు."

"నీకు తెలీదు నూకాలప్పా. అంత పెద్దోళ్లు మనల్ని ఊరికే మోస్తారేటి? కాళ్లావేళ్లా పడాలి. నాకా ఖర్మేల? ఈకలు చూపించి దర్జాగా ఎక్కుతాను. ఆ జోగులుగాడికే టోపీ పెడుతున్నాను, చూస్తూండు."

"నక్కకు టోపీయా," అంది నూకాలు. "సరేలే, నీ తల జాగ్రత్త."

గవరమ్మ మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

మొదట్లో బాగానే సాగింది. పొద్దున లేస్తే జోగులు దగ్గరకు, అక్కణ్ణించి మంగయ్య దగ్గరకు, మంగయ్య దగ్గర్నించి తొర్రకు. తోక నేలకానకుండా తిరిగింది. అయితే జోగులు చిప్ప నిండి పొర్లేదాకా పోయించుకునేవాడు, మంగయ్య అదే చిప్పను అంచుకు తక్కువగా నింపి ఇచ్చేవాడు. ఇచ్చినవాటిలోనూ సగం తాలుకాయలు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఒలిచి చూస్తే లోపల గింజ లేదు.

ఒకనాడు దారిలో వాన పడి, చెట్టు కింద ఆగి, కాస్త ఆలస్యంగా వెళ్లింది. మంగయ్య ఆకును తిప్పి చూసి పక్కన పడేశాడు.

"వడిలిపోయింది. చెల్లదు."

"పొద్దున కోసిన ఆకు, సందేళకి వడలదేటి?"

"వడిలితే చెల్లదు. అది పద్ధతి."

"ఆ పద్ధతి జోగులు చెప్పలేదే?"

"నువ్వడగలేదు గాబోలు," అన్నాడు మంగయ్య, అరటిపండు ఒలుచుకుంటూ.

గవరమ్మకు ఒళ్లు మండింది. అయినా ఈకలు పెరుగుతున్నాయి కదా అని పళ్లు నూరుకుని ఊరుకుంది. చివరికి దొప్ప నిండింది. నిండిన దొప్పను గుండెలకు హత్తుకుని జోగులు దగ్గరకు పోయింది. వాడు దాన్ని చూసి, సానుభూతిగా తలాడించి, వెనకనుంచి నాలుగు ఆకులు కలిపి కుట్టిన ఇంకో దొప్ప తీసి ముందు పెట్టాడు.

"ఇదేటి, గంపా?"

"దొప్పే పిన్నీ. దొప్ప కొలత మారింది."

"ఎవడు మార్చాడు?"

"అందరూ ఎక్కుతామంటున్నారు. గూడబాతులు వెళ్లే రోజులొస్తున్నాయి. గిరాకీ పెరిగింది. నా చేతిలో ఏటుంది చెప్పు?"

"ఒరే జోగిగా, నాకు మొన్న చూపించిన దొప్ప ఇది కాదు."

"అది మొన్నటి దొప్ప పిన్నీ," అన్నాడు జోగులు, ఇంకా చల్లగా. "నచ్చకపోతే మానెయ్. ఈకలు నీ దగ్గరే ఉంచుకో, నానేం అడగను."

ఆ మాటకు గవరమ్మకు వాడి మూతి కొరికెయ్యాలనిపించింది. తోక చీపురులా నిక్కబొడుచుకుంది. అంతదాకా పోసిన కాయలన్నీ పోయినట్టేనా? అవతల పైడి దారులు కాస్తూ ఉంటుందే. ఇప్పుడు మానేస్తే దేనికీ కాకుండా పోతానన్న భయం కోపాన్ని నొక్కేసింది. దోచుకునేవాడికి కావలసింది కూడా ఆ భయమే. గవరమ్మ ఇంటికెళ్లి తొర్ర అడుగు దాకా గోకింది. వానాకాలానికని దాచిన చింతగింజలు, ఎండబెట్టిన రేగుపళ్లు, పైడి పిల్లలకని విడిగా తీసిపెట్టిన మంచి గింజలు, అన్నీ మోసుకెళ్లి జోగులు ముందు కుమ్మరించింది. పెద్ద దొప్ప నిండింది. తొర్రలో దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

దొప్ప ఈడ్చుకుంటూ చింతచెట్టెక్కింది. పై కొమ్మ మీద పెద్ద గూడబాతు పిల్లలకు ఎగరడం నేర్పుతోంది. గవరమ్మ ఈకలు దాని ముందు పెట్టి, ఛాతీ విరుచుకుని నిలబడింది.

"ఇవిగో. నిండు దొప్ప. నన్ను వాగు దాటించండి."

గూడబాతు ఒక ఈక ముక్కుతో తీసి అటూ ఇటూ తిప్పింది.

"ఇవి మేము రాల్చినవేనమ్మా. నీకెక్కడివి?"

"జోగులు ఇచ్చాడు. మీతో మాటైందన్నాడు. దొప్పెడు ఈకలకు ఒకసారి వాగు దాటిస్తారని."

"ఏ జోగులు? పొద్దున్నే వచ్చి చెట్టు కింద ఏరుకునే నక్కా? ఊడుస్తున్నాడు పాపం, శుభ్రం తెలిసినోడు అనుకున్నాం. వాడితో మేమెప్పుడూ మాట్లాడలేదే."

గవరమ్మ దొప్పకేసీ గూడబాతుకేసీ మార్చి మార్చి చూసింది. గూడబాతు దాని మొహం చూసి గొంతు తగ్గించింది.

"అవతల ఏం పనమ్మా నీకు?"

"మా పైడికి తొలి కాన్పు."

"అయ్యో తల్లీ. మేము మాత్రం ఇక్కడికెందుకొచ్చాం? కాన్పుకే గదా. కూతురి కాన్పు అని తల్లి వచ్చి అడిగితే కాదనే నోరుంటుందా మాకు? కబురెప్పుడొచ్చింది?"

"చాన్నాళ్లయింది."

"ఆ రోజే అడిగుంటే ఆ రోజే దింపేదాన్ని. అదిగో ఇప్పచెట్టు, రెక్క నాలుగుసార్లు ఆడిస్తే వస్తుంది. ఎక్కు."

ఆ ఎగరడం గురించి గవరమ్మ ఎన్నో కలలు కంది. వీపెక్కి కూర్చున్నాక కిందికి చూడను కూడా చూడలేదు. కోపంతో కళ్లు కనపడటం లేదు.

ఇప్పచెట్టు మీద గూట్లో పైడి ముడుచుకుని పడుకుని ఉంది. తల్లిని చూసి లేవలేదు.

"నలుగురు పుట్టారమ్మా," అంది. "ఆయన మొన్న మేతకని వెళ్లి ఇంకా రాలేదు. నిన్న ఆకలికి ఆగలేక నాను కిందికి దిగాను. తిరిగొచ్చేసరికి ఇద్దరే ఉన్నారు."

గవరమ్మ గూడు అంచు నుంచి కిందికి వంగి చూసింది. చెట్టు బెరడు మీద జెర్రిపోతు పాకిన జాడ ఇంకా ఉంది.

"ఇన్నాళ్లూ ఏం చేస్తున్నావమ్మా?"

ఈకలు పోగుచేస్తున్నానని ఎలా చెబుతుంది? మిగిలిన ఇద్దరినీ తోక కిందికి లాక్కుని కూర్చుంది. జోగులు మీద కోపం, మంగయ్య మీద కోపం, అన్నిటికన్నా జోగులుకే టోపీ పెడుతున్నానని మురిసిన తన మీద కోపం. నూకాలప్ప చెప్పిన పూటే చెట్టెక్కి ఉంటే నలుగురు ఉండేవాళ్లు. ఆ మాట లోపల తిరుగుతూనే ఉంది.

గూడబాతు ఇవతలికి తిరిగొచ్చి ఊరుకోలేదు. చింతతోపులో కనిపించిన ప్రతివాళ్లకూ సంగతి చెప్పింది. గవరమ్మలాంటివాళ్లు ఇంకెంతమంది ఉన్నారో అప్పుడు బయటపడింది. ఒక్కొక్కరి ఇంట్లో కొన్ని ఈకలు, బోలెడు ఎండుటాకులు. మర్నాడు పొద్దున్నే నూకాలు కొమ్ములు వంచి ముందు నడిచింది, మిగతావాళ్లు వెనక. మంగయ్య చెట్టు చివరికెక్కి, "నాను జీతగాణ్ణి, నాకేటి తెలుసు?" అన్నాడు. వాడికి కింద నుంచి రాళ్లు, పైనుంచి కాకుల పొడుపులు దక్కాయి. జోగులు పుట్ట వెనకనుంచి జారుకుని, వాగు దాకా పరుగెత్తి, నీళ్ల ముందు ఆగిపోయాడు. వెనక నూకాలు కొమ్ములు. ముందు వాగు. మధ్యలో నీళ్ల మీద తేలుతూ చేపలు పట్టుకుంటున్న పెద్ద గూడబాతు.

"అమ్మా, దాటించు తల్లీ," అని వాడు అరిచిన అరుపు అవతలి ఇప్పచెట్టు దాకా వినబడింది. "నీకు బుట్టెడు ఈకలిస్తాను."

"ఈకలా?" అంది గూడబాతు, తల తిప్పకుండానే. "ఒళ్లంతా ఉన్నాయిరా నాకు."

నూకాలు ఒక్క కుమ్ము కుమ్మింది. జోగులు వాగులో పడి, మునుగుతూ తేలుతూ, ముళ్లపొదలున్న దిగువకు కొట్టుకుపోయాడు. గట్టు మీద అందరూ పగలబడి నవ్వారు. ఇప్పచెట్టు మీద గవరమ్మ నవ్వలేదు. పైడిని మేతకు పంపి, చెట్టు మొదలుకేసి చూస్తూ కాపలా కూర్చుంది.

నోరు తెరిచి అడగాల్సిన చోట మూట విప్పినవాడికి మూటా దక్కదు, పనీ కాదు.