వేలు ఓర్చుకునేంత వేడి

నాకు ముక్కు మీద కోపం. ఎనిమిదేళ్ళుగా హైస్కూల్లో సైన్సు చెబుతున్నాను, నా పాఠానికి వంక పెట్టినవాళ్ళు లేరు. చిక్కంతా నా నోటితోనే.

తొమ్మిదో తరగతిలో కొండమ్మ అని ఒక పిల్ల. ఆమ్లాల పాఠంలో ఒకే సందేహం మూడోసారి అడిగింది. "నీకు చదువెందుకే, పోయి బర్రెలు కాచుకో!" అన్నాను, అందరి ముందూ. క్లాసంతా నవ్వింది. మర్నాటి నుంచి కొండమ్మ బడికి రాలేదు. వారం తిరిగేసరికి కబురొచ్చింది. వచ్చే సోమవారం నుంచి వాళ్ళ నాన్న ఆ పిల్లని మిరపకాయల కోతకి పంపుతున్నాడట. ఇక బడి మాన్పించినట్టే.

ఆ ఆదివారం పొద్దున్నే మార్కాపురంలో ఎస్తేరు టీచరుగారింటికి వెళ్ళాను. నాకు సైన్సు మీద ప్రేమ పుట్టించింది ఆవిడే. ఆవిడ రిటైరై పదేళ్ళయినా, ఏమీ తోచనప్పుడు నేను తొక్కేది ఆ గడపే.

"నేనన్నది దాని మంచికే కదండీ! బాగా చదవాలనేగా తిట్టింది? మంచికి పోతే చెడు ఎదురైంది," అంటూ మొదలుపెట్టి అరగంట ఏకరువు పెట్టాను.

ఆవిడ ఊఁ కొడుతూ పాలు కాచారు. పొంగు రాగానే దించి, రెండు గిన్నెల్లో సమంగా పోశారు. ఒకటి నా ముందుకు జరిపి, "దీన్లో తోడు వెయ్యి శిరోమణీ," అన్నారు.

మాట్లాడుతూనే చెంచాడు పెరుగు వేసి మూత పెట్టేశాను. రెండో గిన్నెని ఆవిడ అలాగే వదిలేసి బట్టలు ఆరేయడానికి వెళ్ళారు. తిరిగొచ్చి దాని సంగతి ఎప్పుడు చూశారో నాకు తెలీదు. నా ధోరణి నాది.

ఎండాకాలమేమో, భోజనాల వేళకి తోడుకోవాలి. నా గిన్నె మూత తీస్తే ఏముందీ, పాలు పాలలాగే ఉన్నాయి. అడుగున నాలుగు పెరుగు తునకలు. ఆవిడ గిన్నెలో మాత్రం గడ్డపెరుగు, వంచినా కదల్లేదు.

"తోడు మంచిది కాదేమోనండీ," అన్నాను.

"రెండింటికీ ఒకటే తోడు."

"మరి పాలు?"

"పాలూ ఒకటే. నీ ముందేగా పోశాను."

ప్రయోగంలో ఒక్కటి మార్చి మిగతావన్నీ అలాగే ఉంచాలని మా చేత పదిసార్లు రాయించింది ఈవిడే. పెరుగులో సూక్ష్మజీవులు వేడికి చచ్చిపోతాయని ఏటా పిల్లలకి నోట్సు చెప్పేదాన్ని నేను! ఏడ్చినట్టుంది నా చదువు అనుకున్నాను.

"మా అమ్మకి అక్షరం ముక్క రాదు," అన్నారు టీచరుగారు, నాకు పప్పు వడ్డిస్తూ. "పాలల్లో చిటికెనవేలు ముంచి చూసేది. 'నా వేలు ఓర్చుకోలేని వేడి, పాపం తోడు ఎట్టా ఓర్చుకుంటదే' అనేది. సూక్ష్మజీవుల సంగతి నేను కాలేజీలో చదువుకున్నాను. ఈ సంగతి మాత్రం మా పొయ్యి దగ్గరే తెలిసింది."

కొండమ్మ పేరు ఆవిడ ఎత్తనే లేదు. ఇంతమాత్రం చెప్పి ఊరుకోగలిగిన మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. అందరూ నవ్వుతుంటే పుస్తకంలోకి తల దించుకున్న ఆ పిల్లే కళ్ళ ముందు. సిగ్గేసింది.

"ఈ పాలు ఇంక పారబోయాల్సిందేనా టీచరుగారూ?" అన్నాను.

"పిచ్చిమొహమా, పాలకేమైందనీ?" ఆవిడ నా గిన్నె తీసి నా చేతిలో పెట్టారు. "గోరువెచ్చగా చేసి మళ్ళీ తోడు వెయ్యి."

చెయ్యి కడుక్కుని లేచాను. కొండమ్మ వాళ్ళ ఊరికి మూడింటికి బస్సుంది.