బెత్తెడు చాలని బండ

సూరపరాజు కోట చూడవచ్చే యాత్రికులు ముందుగా అడిగేది సముద్రం వైపు వాకిలి గురించే. ఇంత కోట కట్టినవారు ఆ ఒక్క వాకిలికి పైదూలం ఎందుకు పెట్టలేదని అడుగుతారు. జవాబు కోటలో లేదు. ఇసుకబాట వెంట కొంత దూరం నడిస్తే ఎర్రమట్టి దిబ్బ వస్తుంది. దానిమీద నాలుగు నిలువురాళ్ళు, వాటిమీద పరచిన ఒక పెద్ద బండ ఉన్నాయి. పరిశోధకులు దానిని చరిత్రకు ముందటి మనుషుల సమాధి అంటారు. మేము నీడబండ తల్లి అంటాము. ఆ తల్లికి రెండు మాటలతోనూ పేచీ లేదు.

పూర్వం ఇక్కడ కోట కడుతున్న రోజుల్లో, ఆ వాకిలికి సరిపడేంత పొడవు రాయి చుట్టుపక్కల ఏ కొండలోనూ దొరకలేదు. సూరపరాజు కన్ను దిబ్బమీది బండపై పడింది. కొలిచి రమ్మని రాతిపనివాడు వడ్డె అసిరయ్యను పంపాడు. ఆ దొరది కఠినమైన కట్టడి. కొలత తప్పు చెప్పిన పనివాడికి బొటనవేలు తీయించేవాడు. బొటనవేలు పోతే సుత్తి పట్టడం కుదరదు, ఇంట్లో పొయ్యి వెలగదు.

అసిరయ్య అలల్లో నిలబడి, జనపనార తాడుతో వాకిలి వెడల్పు కొలిచి ముడి వేసుకున్నాడు. మర్నాడు ఎండవేళ దిబ్బ ఎక్కి అదే తాడును బండమీద పరిచాడు. ముడి బండ అంచు దాటి బెత్తెడు బయటికి వచ్చింది.

"చాల్దు బాబూ, బెత్తెడు తక్కువొచ్చింది" అని దొరకు విన్నవించాడు. దొర విసుక్కున్నాడు గాని, బండ జోలికి పోలేదు.

నెల తిరగకుండానే ఒక మధ్యాహ్నం ఉప్పెన వచ్చింది. కోటలో నడుములోతు నీరు నిలిచింది. పురిటికి పుట్టింటికి వచ్చిన దొర కూతురు సీతాయమ్మను దాసీలు చేతులమీద మోసి దిబ్బ ఎక్కించారు. ఆ గాలివానలో అక్కడ తలదాచుకోవడానికి ఉన్నది ఆ బండ ఒక్కటే. దానికిందే ఆమె ప్రసవించింది. పొద్దు గుంకకముందే వాన తెరిపిచ్చింది. కూతురు ఏమైందోనని నీళ్ళలో పడుతూ లేస్తూ వచ్చిన దొర, పసిబిడ్డ ఏడుపు విని తడిమట్టిలో కూలబడి "హమ్మయ్య" అన్నాడు. ఎంతటి దొరకైనా ఆ సమయంలో వేరే మాట రాదు.

అసిరయ్య కూడా అక్కడే ఉన్నాడు. గాలివానకు బండ అంచు ఏమైనా విరిగిందేమో చూద్దామని నడుముకున్న తాడు విప్పి పరిచాడు. వానకు నానిన ఆ తాడు ముడి సరిగ్గా బండ అంచున కూర్చుంది. నార తడిస్తే కురచవుతుందని, వాకిలి దగ్గర తాను తడితాడుతో కొలిచానని అప్పుడు తట్టింది. ఎవరూ చూడలేదు, తాడు చుట్టేసుకుని ఊరుకోవచ్చు. పనివాడి మనసు ఒప్పలేదు.

"కొలత తప్పు సెప్పినాను బాబూ. బండ సరిగ్గా సరిపోతాది. ఏలు తీయించండి" అని చేయి చాచాడు.

దొర కూతురి వైపు చూశాడు. "నువ్వు సరిగ్గా కొలిచుంటే నా బిడ్డ ఎక్కడ పడుకునేదిరా?" అన్నాడు. చాచిన ఆ చేతిని తానే పట్టుకుని, బొటనవేలిని ఎర్రమట్టిలో అద్ది బండకు బొట్టు పెట్టించాడు. ఆ తరువాత ఎవరి వేలూ తీయించలేదు.

"ఏటా వచ్చి కొలువు. ఏటా చాల్దనే చెప్పు. నా వెనక వచ్చేవాళ్ళకు దీనిమీద ఆశ పుట్టకూడదు" అని ఆజ్ఞాపించాడు.

తక్కిన క్షేత్రాల్లో వలె ఇక్కడ అమ్మవారు ఎవరి కలలోకీ రాలేదు. నారతాడులో కూర్చుని పని జరిపించుకున్నదని పెద్దల నమ్మకం.

నేటికీ కార్తీకమాసం మొదటి ఆదివారం అసిరయ్య వంశంవారు బండను కొలుస్తారు. కోట తరఫువారు "సరిపోయిందా?" అని అడిగితే "చాల్దు బాబూ" అని బదులిస్తారు. అక్కడున్నవారంతా ఊపిరి పీల్చుకుంటారు. నెలలు నిండిన స్త్రీలు బండ నీడన కాసేపు కూర్చుంటే సుఖప్రసవం అవుతుంది. తప్పు చేసి చెప్పుకోలేక లోలోపల నలిగేవారు అసిరయ్య వంశపు పెద్ద చేత, అతని బొటనవేలితో ఎర్రమట్టి బొట్టు పెట్టించుకుని, ఇంటికి వెళ్ళి సంగతి చెప్పేస్తారు. మరుసటి ఏడు చాలామంది, ఎవరికి చెప్పారో వారిని కూడా వెంటబెట్టుకుని వస్తారు.