ఆరో డబ్బా

కృపానందం మాస్టారికి ఒక అలవాటుంది. ఎవరైనా ప్రోగ్రాం రాసి తెస్తే దాన్ని చదవరు. కళ్లద్దాలు తుడుచుకుంటూ, "దీన్ని ఎక్కడ పడగొట్టావు?" అని అడుగుతారు. పాలిటెక్నిక్‌లో ముప్ఫయ్యేళ్లు ఇదే ప్రశ్న అడిగి రిటైరయ్యారు. ఇప్పుడు మా ఊరి పిండిమర మేడ మీద గదిలో నలుగురికి పాఠం చెబుతూ అదే అడుగుతున్నారు. ఆ నలుగురిలో ముగ్గురు ఫ్యాను గాలి కోసం వస్తారని నేను అనను. ఊరంతా అంటుంది.

నాలుగో మనిషి శ్యామల. కింద మర నడిపే నూకరత్నం కోసం ఆమె డబ్బాల వరస చూపించే కంప్యూటర్ బోర్డు ఒకటి తయారుచేస్తోంది. మర అరుగు మీద అయిదు డబ్బాలకే చోటు. ముందు పెట్టిన డబ్బా ముందు లోపలికి వెళ్లాలి, అయిదో చోటు తర్వాత మళ్లీ ఒకటో చోటు. ఇదంతా పైథాన్‌లో రాసింది. మర్నాడు పొద్దున్నే బోర్డు పెట్టాలి. అది పనిచేస్తే చదువు సాగించుకోవచ్చు, చెయ్యకపోతే మళ్లీ జాకెట్లు కుట్టుకోవాలి. ఇది అత్తగారు గవరమ్మ పెట్టిన షరతు. గవరమ్మ తన మాట మీద నిలబడే మనిషి. వీలైతే ఎదుటివాళ్ల మాట మీద కూడా నిలబడుతుంది.

"మూడు పెట్టాను, మూడు తీశాను. వరస తప్పలేదు మాస్టారూ. టెస్టులన్నీ పాసయ్యాయి," అంది శ్యామల. "నేను రాసినదాన్ని నేనే ఎందుకు పడగొట్టాలి? నడక నేర్చుకునే పిల్లని కన్నతల్లే తోసేస్తుందా?"

మాస్టారు లేచారు. మూలనున్న ఎండుమిరపకాయల డబ్బా ఆమె చేతికిచ్చి, "పద, కారం ఆడించుకొద్దాం," అన్నారు.

ఆ మరలో ఒక పద్ధతి ఉంది. నూకరత్నం బయట అరుగు దగ్గర ఉంటుంది. ఆమె మొగుడు సింహాచలం లోపల మర దగ్గర ఉంటాడు. ఇన్నేళ్ల మర చప్పుడుకి అతనికి చెవులు సరిగా వినపడవు. పెళ్లాం మాటే వినపడదని అతనూ, ఆ ఒక్కటీ వినపడనట్టు ఉంటాడని నూకరత్నమూ చెబుతారు. అందుకని గోడకు గుండ్రంగా అయిదు మేకులు కొట్టి, వాటికి రెండు డబ్బా మూతలు వేలాడదీశారు. కొత్త డబ్బా వచ్చినప్పుడల్లా నూకరత్నం కిటికీలోంచి చెయ్యి పెట్టి పచ్చమూతను పక్క మేకుకు మారుస్తుంది. ఒక డబ్బా ఆడించాక సింహాచలం ఎర్రమూతను మారుస్తాడు. రెండు మూతలూ ఒకే మేకున ఉంటే అరుగు మీద ఎవరూ లేరని అర్థం. ఇన్నేళ్లలో ఆ లెక్క తప్పలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ కరెంటు లేదు. ఆవకాయల రోజులు కావడంతో, ఎప్పుడూ మూడు దాటని అరుగు మీద అప్పటికే నాలుగు డబ్బాలున్నాయి. వాటిలో ఒకటి పక్కనే కూర్చున్న గవరమ్మది. శ్యామల మాస్టారి డబ్బా అయిదో చోట పెట్టింది. నూకరత్నం పచ్చమూతను అయిదో మేకు మీంచి తీసి ఒకటో మేకుకు తగిలించింది. ఎర్రమూత పొద్దుటి నుంచీ అక్కడే ఉంది.

అప్పుడే కరెంటు వచ్చింది. కుర్చీలో కునుకుతున్న సింహాచలం లేచి గోడకేసి చూశాడు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, టీ తాగడానికి బయటికి నడిచాడు.

"ఎక్కడికయ్యా?" గవరమ్మ కేక వీధి చివరిదాకా వినపడింది గనక అతనికీ వినపడింది.

"రెండు మూతలూ ఒక్క మేకునే ఉన్నాయి. ఎవుళ్లూ లేరు గదా?"

"ఎవుళ్లూ లేరా? మరి మేం ఏటి, దెయ్యాలమా?"

సింహాచలం అరుగుకేసి చూశాడు. వెనక్కి వెళ్లి గోడకేసి చూశాడు. తిరిగొచ్చి ఎంతో మర్యాదగా, "మేకు అలాగే చెబుతోంది వదినా," అన్నాడు.

అందరూ నవ్వారు. శ్యామల నవ్వలేదు. పెట్టే చోటూ తీసే చోటూ ఒకటే అయితే వరస ఖాళీ అని తన ప్రోగ్రాంలో స్వయంగా రాసుకుంది. అయిదూ నిండినా ఆ రెండూ ఒకటే అవుతాయి. మూడు పెట్టి చూసింది గాని, అయిదూ పెట్టి చూడలేదు. మాస్టారు మాత్రం కారం సన్నగా ఆడించమని చెబుతూ నిలబడ్డారు.

శ్యామల మేడెక్కి అయిదూ నింపే టెస్టు రాసింది. అది ఫెయిలైందని కంప్యూటర్ తెర మీద ఎర్రటి అక్షరాలు పడ్డాయి. అంతమంది నవ్విన దానికన్నా ఆ ఎర్రటి అక్షరాలే ఆమెకు ఎక్కువ తగిలాయి. అప్పుడు వరసలో ఎన్ని డబ్బాలున్నాయో విడిగా గుర్తుపెట్టుకునేలా ప్రోగ్రాం మార్చింది. అయిదూ నిండాక ఇంకొకటి వస్తే ఏమవాలో, ఏమీ లేనప్పుడు తియ్యబోతే ఏమవాలో వాటికీ టెస్టులు రాసింది. సాయంత్రానికి అన్నీ పాసయ్యాయి.

మర్నాడు బోర్డు పెట్టారు. మా ఊళ్లో కారం అవసరం లేనివాళ్లు కూడా డబ్బాలు పట్టుకుని వచ్చారు. అయిదు చోట్లూ నిండేదాకా ఓపిగ్గా కాచుకుని, అప్పుడు గవరమ్మ ఆరో డబ్బా తెచ్చి పెట్టించింది. 'నిండింది, ఆగండి' అని బోర్డు తెర మీద పడింది. ఆగింది. గవరమ్మ ఆగడం మా ఊరు చూడటం అదే మొదలు. మధ్యాహ్నం అరుగు ఖాళీ అయ్యాక మళ్లీ వచ్చి, డబ్బా ఆడించాక నొక్కే మీటను ఊరికే నొక్కమని సింహాచలాన్ని బతిమాలి నొక్కించింది. 'ఎవరూ లేరు' అంది తెర. గవరమ్మ తిన్నగా ఇంటికెళ్లి కుట్టుమిషను మీద ముసుగు కప్పేసింది.

శ్యామల మేడ మీదికి పరుగెత్తింది. "పడలేదు మాస్టారూ! నిండుగా ఉన్నప్పుడూ, ఖాళీగా ఉన్నప్పుడూ కూడా మా అత్త వెతికి వెతికి చూసింది."

మాస్టారు కళ్లద్దాలు తుడుచుకున్నారు.

"ఆవిణ్ణి వదులుకోకమ్మా," అన్నారు.